భిక్షమాచారి చెక్కిన యుద్ధ విమానాలు

పోయినవాటిని మొదట లెక్క చెబుతాను. ఒక మనిషి: పేరు వడ్ల భిక్షమాచారి, ఊరు సూర్యాపేట, వృత్తి వడ్రంగం. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆయనకు వచ్చిన ఒక కొలకర్ర. సగం చెక్కి గూట్లో పెట్టిన ఒక విమానం. కోదాడలోని బామ్మర్దితో చుట్టరికం. కొత్త విమానం తయారైన రోజున మా వీధిలో వినిపించే ఒక కేక. ఇవి అయిదు. ఆరవది పోయినది కాదు, ఇవ్వవలసి మిగిలినది. దానిని చివర రాస్తాను. బాకీని చివరనే రాయాలి.

నేను మండీలో గుమాస్తాను. బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కూడికలో తప్పాననే మాట ఇంతవరకు పడలేదు. పోయిన బుధవారం పొద్దున వడ్ల బస్తాల లెక్క వేస్తుంటే హమాలీ ఒకడు గుమ్మంలో నిలబడి, "ఆచారి పోయిండంట" అన్నాడు. ఏ ఆచారి అని నేను అడగలేదు. కూడిక మొదటినుంచి మళ్లీ వేశాను, మళ్లీ తప్పింది. కలం పక్కన పెట్టి లేచాను. ఆ కూడిక ఆ రోజు పూర్తి కాలేదు.

ఈ పత్రిక చదివేవారిలో కొందరి ఇండ్లలో దూలానికి దారంతో వేలాడే కట్టె విమానం ఉంటుంది. అది ఎవరు చేశారో తెలిసినవారికి ఈ వ్యాసం అవసరం లేదు. తెలియనివారికోసం, తెలిసి కూడా ఆయన బతికి ఉన్నప్పుడు నవ్వినవారికోసం రాస్తున్నాను.

యుద్ధకాలంలో భిక్షమాచారి గారు హైదరాబాదు దగ్గర ఒక విమానాశ్రయంలో వడ్రంగిగా పని చేశారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని విచిత్రమైనది. కొత్తగా చేరిన సిపాయిలకు మన విమానమేదో శత్రువు విమానమేదో ఆకారం చూసి గుర్తుపట్టడం నేర్పాలి. అందుకోసం ప్రతి విమానానికీ చిన్న కట్టె నమూనా చెక్కి, నల్లరంగు పూసి, ఆకాశానికెదురుగా దారం మీద వేలాడదీసేవారు. అసలు విమానంలో ఆరడుగులు నమూనాలో ఒక అంగుళం. రెక్క మూల కొంచెం తేడాగా చెక్కినా ఒక సిపాయి తనవాళ్ల మీదనే తుపాకి ఎత్తవచ్చు. ఈ భయంతో నాలుగేండ్లు పని చేసిన చేయి అది. "ఆడ తప్పు చెక్కితే మనిషి పాణం పోతది గుమాస్తా. గీడ తప్పు చెక్కితే ఏం పోతది? నా ఇజ్జత్ పోతది. రెండు ఒకటే నాకు" అనేవారు.

యుద్ధం అయిపోయింది, కొలువు పోయింది. ఊరికి తిరిగివచ్చి తలుపులు, నాగళ్లు, బండి చక్రాలు చేయబోయారు. ఆ పనికి ఊళ్లో చేతులు చాలానే ఉన్నాయి. ఖాళీగా కూర్చున్న రోజుల్లో ఒక స్పిట్‌ఫైర్ చెక్కి వాకిట్లో వేలాడదీశారు. దానిని చూసి బజారుకు వచ్చిన రైతులు ఆగారు. కొంటామన్నవారికి ఆయన విమానం అమ్మలేదు. ముక్కలు అమ్మారు. ముతక గుడ్డసంచిలో రెండు చెక్కలుగా ఒళ్లు, ఒక జత రెక్కలు, తోక, ముక్కు మీది పంకా, చక్రాలు, ఒక సరేసు గడ్డ, ఏ ముక్క ఎక్కడ అతకాలో చూపే బొమ్మ కాగితం. సరేసు కరిగించుకుని కొన్నవాడే అతుక్కోవాలి.

"తయారుచేసి ఇయ్యరాదే, ఇంక నాలుగు పైసలెక్కువిస్త" అని ఒక రైతు బతిమాలాడు.

"నేను చేసిస్తే అది నా ఇమానం. నువ్వు అతుకుకుంటే నీ ఇమానం. నాది నీ ఇంట్ల ఎందుకు?"

"నాకు చాతగాదు ఆచారీ."

"నాగలికి కర్రు పెట్టుకుంటవ్, ఇంత తోక పెట్టుకోలేవా? పో, రెండు రోజులు పరేషానైతవ్, తర్వాత వచ్చి నాకే నేర్పుతవ్."

ఆ రైతు గరిడేపల్లివాడు. మూడో రోజున వచ్చి నిజంగానే నేర్పబోయాడు.

పొణికి కర్ర దేవరకొండ అడవుల నుంచి బండ్ల మీద వచ్చేది. తేలికైన కర్ర; ఉలికి వెన్నలా తెగుతుంది. స్పిట్‌ఫైర్ తర్వాత హరికేన్ వచ్చింది. కొత్త విమానం తయారైన రోజున ఆయన దానిని వాకిట్లో దారానికి కట్టి, పైన కండువా కప్పి, బజారు నిండిన తర్వాత కండువా లాగి, "కొత్త పిట్ట దిగిందిరో!" అని కేక వేసేవారు. ఆ కేక విన్నవారు సూర్యాపేటలో వందలమంది ఉన్నారు. వారిలో ఆయన పాడె వెంట నడిచినవారిని కూడా నేను లెక్క పెట్టాను. ఆ అంకె రాస్తే ఊరికే పరువు తక్కువ.

ఆయన సాధువని ఎవరూ అనుకోవద్దు. కోపం ముక్కు మీద ఉండేది. హరికేన్‌కు ఎర్రరంగు పూసి చూపించడానికి తెచ్చిన ఒక ఉద్యోగితో, "పెండ్లికి పంపుతవా దీన్ని, యుద్ధానికా?" అని పదిమందిలో అన్నారు. సరేసు బదులు మేకులు కొట్టినవారికి రెండో సంచి అమ్మేవారు కాదు. భార్య నరసమ్మ గారు ఆ కోపానికి ఒక మందు కనిపెట్టింది. "గంత కోపమున్నోనివి మిలిటరీల ఎందుకు చేరలేదు? బొమ్మలెందుకు చేస్తివి?" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆ మాట ఇంకెవరన్నా తగువే.

నాకు ఆయనతో స్నేహం లెక్కల వల్ల కలిసింది. విమానం కొలతలన్నీ ఇంగ్లీషు అడుగుల్లో ఉండేవి. ఆయన కోసేది తండ్రి కొలకర్ర మీది గాట్లతో. అరుగు మీద కూర్చుని అడుగులను అంగుళాలకు, అంగుళాలను గాట్లకు మార్చి ఇవ్వడం నా పని. "అడుగులు ఇంగ్లీషోళ్లయి, గాట్లు మా నాయినయి. నడుమ నువ్వొక దుబాసీవి" అనేవారు. ఇనుప స్కేలు కొనుక్కోవచ్చు గదా అని ఒకసారి అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు తర్వాత మళ్లీ అనలేదు.

ఆ కొలకర్ర సంగతి చెప్పాలి. వడ్రంగుల్లో ప్రతి ఇంటికీ ఒక కర్ర ఉంటుంది. పూర్వుడెవరో గాట్లు పెట్టినది. దసరానాడు పనిముట్లన్నిటికంటే ముందు దానికి పసుపు కుంకుమ పెడతారు. ఒక ఇంటి కర్ర ఇంకొక ఇంటివాడు పట్టకూడదు. ఎరవు అడగకూడదు, ఇవ్వకూడదు. పక్కన పెట్టి పోల్చి చూడటం కూడా అమర్యాదే. కర్రను శంకించడమంటే ఆ ఇంటి పెద్దలను శంకించడమే. ఇది తరతరాల మర్యాద. ఈ మర్యాదే ఆయనను ముంచింది.

మూడో విమానం టెంపెస్ట్. కోదాడలో ఫ్యాన్సీ సామాన్ల దుకాణం నడిపే ఒక షావుకారు అప్పటికే రెండు విమానాల సంచులు అమ్మి రుచి మరిగి ఉన్నాడు. కొత్తదానికి ఒకేసారి యాభై సంచులు కావాలన్నాడు. సూర్యాపేటకు ఇరవై ఆరు, మిర్యాలగూడకు ఇరవై కలిపి తొంభై ఆరు. అన్ని ముక్కలు ఒక్క చేత కావు. అంతవరకు అన్నీ తానే చెక్కిన ఆచారి గారు మొదటిసారి పని పంచారు. కోదాడలో ఉన్న బామ్మర్ది వీరాచారికి రెక్కలు అప్పగించారు. వీరాచారి మంచి పనివాడు. నరసమ్మ గారికి తమ్ముడు. ఒంటికి అతికే చోట రెక్క మొదలు ఎట్లా ఉండాలో రేకు అచ్చు కోసి పంపారు. పొడవు మాత్రం ఇన్ని గాట్లని చెప్పి పంపారు. ఎవరి గాట్లని ఎవరూ అడగలేదు. అడగకూడదు గదా.

రెక్కలు బస్తాలో వచ్చాయి. రేకు అచ్చుకు మొదళ్లు చక్కగా సరిపోయాయి. ఒక విమానం అతికించి చూసుకున్నారు. కొంచెం మొద్దుగా కనబడింది. టెంపెస్ట్ ఆయన కొలువు వదిలే ముందు కాగితం మీద చూసినదే, ఆకాశంలో చూసినది కాదు. అదే దాని రూపమనుకున్నారు. కండువా లాగి, "కొత్త పిట్ట దిగిందిరో! కోడె దూడ లెక్క ఉన్నది సూడుండ్రి!" అన్నారు. తొంభై ఆరు సంచులూ వెళ్లిపోయాయి.

పోయిన సంవత్సరం సెప్టెంబరులో యూనియన్ మిలిటరీ కోదాడ బాటన వస్తున్నదని ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. నేను మండీ అరుగు కింద దూరి ఉన్నాను. విమానాల మోత వినబడింది. తల ఎత్తితే, నడివీధిలో భిక్షమాచారి గారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఒక చేతిని కండ్లకు అడ్డం పెట్టుకుని, ఇంకొక చేత టెంపెస్ట్ నమూనాను తలపైకి ఎత్తి పట్టుకుని ఉన్నారు.

"ఓ ఆచారీ! లోపలికి రా! సచ్చిపోతవ్!"

"ఆగు! మల్ల మర్లుతున్నది, ఆగు!"

విమానం తిరిగి మీదికి వచ్చింది. దాని కడుపు, రెండు రెక్కలు నాకు కూడా స్పష్టంగా కనబడ్డాయి. ఎక్కడో చప్పుడైంది. ఆయన కదలలేదు. పొగ లేచిన వైపు చూడలేదు. విమానం కనుమరుగైన తర్వాత చేయి దించి నా దగ్గరకు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆ ముఖం నాకు ఈ జన్మలో మరపు రాదు.

"మనది రెక్క పొట్టిగున్నది గుమాస్తా."

"పాణం దక్కింది, అది చాలదా?"

"పొట్టిగున్నది. తొంభై ఆరిండ్లల్ల పొట్టిగున్నది."

ఇంటికి వెళ్లి, మిగిలిన నమూనా రెక్కను కొలకర్ర మీద పెట్టారు. ఆయన గాట్లలో పన్నెండు ఉండవలసిన చోట పదకొండే వచ్చింది. నలభై ఒక్క అడుగుల విమానం ముప్పై ఏడడుగుల ఏడంగుళాలుగా మారింది. నమూనాలో ఆ లోటు అర అంగుళం కంటే కొంచెం ఎక్కువ. ఎవరి కంటికీ ఆనదు. ఆయన కంటికి ఆనింది. ఇక కథంతా అంతే.

దారులు తెరిచిన తర్వాత కోదాడకు బొగ్గు బస్సులో వెళ్లాం. నన్ను కూడా రమ్మన్నారు, లెక్క చెప్పడానికి. బావను చూసి వీరాచారి ఆనందంగా మంచం వాల్చాడు. సంగతి వినగానే ముఖం మారింది.

"మా నాయిన కోల తప్పంటవా బావా?"

"తప్పంటలేను బామ్మర్దీ. మా కోల వేరు, మీ కోల వేరు, అంటున్న."

"ఈ కోలతోని మా తాత పది ఊర్లల్ల ఇండ్లు లేపిండు. ఒక్క గడప వంకర పోయిందా? అడుగు, ఈ ఊళ్లె ఎవరినన్న అడుగు."

"ఇండ్లు నిలవడ్డయి. కాదనను. ఇండ్లు ఎగరయి గద బామ్మర్దీ."

నేను మధ్యలో కలగజేసుకుని, రెండు కర్రలు గోడకు పక్కపక్కన నిలబెట్టి చూస్తే తేలిపోతుందని అన్నాను. లెక్కమనిషిని, నాకు అది సులువుగా తోచింది. ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు.

"నువ్వు వడ్లోనివి కావు, ఊకో" అన్నారు ఆచారి గారు.

వీరాచారి లేచి లోపలికి వెళ్లాడు, మళ్లీ బయటికి రాలేదు. లోపలి నుంచి మాట మాత్రం వచ్చింది: "మా అక్కను ఇచ్చినప్పుడు కోల కొలిచి ఇచ్చినమా? పో బావా, మల్ల ఈ గడప తొక్కకు."

తొక్కలేదు. ఆ మధ్యాహ్నమే షావుకారు దుకాణానికి వెళ్లాం. అమ్మిన సంచులు ముప్పై తొమ్మిది, ఉన్నవి పదకొండు. ఉన్నవి అమ్మవద్దని, కొన్నవారెవరో చెబితే రెక్కలు మార్చి ఇస్తానని ఆచారి గారు అడిగారు.

షావుకారు నవ్వాడు. "ఎవరు చూడొచ్చారు ఆచారీ? ఆడుకునే బొమ్మకి రెక్క అర అంగుళం తగ్గితే ఏమైంది? అంత బాధగా ఉంటే ఒళ్లు కూడా కాస్త కోసెయ్. రెండూ సరిపోతాయి."

"ఎవరు సూడలేదు. నేను సూసిన."

"నువ్వు చూశావని నేను నష్టపోవాలా?"

"నీకేం నష్టంలేదు సేటూ. రెక్కలు నావి, మార్చే కూలి నాది. పేర్లు చెప్పు, సాలు."

చెప్పలేదు. గుర్తు లేదన్నాడు. బేరానికి వచ్చిన ప్రతివాడి తండ్రి పేరు, ఊరి పేరు గుర్తుంచుకునే మనిషికి ఆ రోజు మతిమరుపు వచ్చింది.

ఇక ఆయన ఒక్కరే తొంభై ఆరు జతల రెక్కలు చెక్కడానికి కూర్చున్నారు. ఆ సంవత్సరం నాలుగో విమానం రావలసింది. అది మస్కిటో. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎందుకంటే అసలు విమానమే కట్టెతో చేసింది. "లోకంల ఎక్కడనో వడ్లోళ్లు కూసుండి నిజమైన యుద్ధ ఇమానం చేసిండ్రు, తెలుసా? మనోళ్లే! ఏ దేశమైతేంది, మనోళ్లే!" అని చిన్నపిల్లవాడిలా చెప్పేవారు. దాని ఒళ్లు సగం చెక్కి గూట్లో పెట్టి, దాని కోసం దాచిన పొణికి దుంగలను రెక్కలకు కోశారు. అప్పటికే రంపపు పొట్టు ఊపిరితిత్తుల్లోకి దిగి దగ్గు ఉండేది. ఆ చలికాలం అది ముదిరింది. దవాఖానకు పోదామంటే, "మిర్యాలగూడయి కానీ, పోదాం" అనేవారు. మిర్యాలగూడవి అయిపోయాక, "కోదాడయి కానీ" అన్నారు.

ఉచితంగా ఇచ్చేదానికి కూడా తలుపు తట్టి బతిమాలవలసి వస్తుందని నేను ఆ రోజుల్లో నేర్చుకున్నాను. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు యజమాని ఇంటికి నేను తోడు వెళ్లాను. ఆయన సతీమణి తలుపు సగమే తీసింది.

"మల్ల పైసలడగనీకొచ్చినవా?"

"లేదమ్మా, రెక్కలు మార్చిపోత."

"మంచిగనే ఉన్నయి గద, ఏమైంది?"

"మంచిగ లెవ్వమ్మా. పొట్టిగున్నయి."

ఆమె లోపలికి వెళ్లి విమానాన్ని తెచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది. "నీకు పిచ్చా ఆచారీ?" అని అడిగింది. తిట్టినట్టు కాదు, నిజంగానే అడిగింది. ఆయన గడప మీదనే కూర్చుని, వేడినీళ్ల గుడ్డతో సరేసు నానబెట్టి, పాత రెక్కలు ఊడదీసి కొత్తవి అతికించారు. పాతవాటిని అక్కడ వదలలేదు, సంచిలో వేసుకున్నారు. "గివి లోకంల ఉండొద్దు" అన్నారు. బయటికి వచ్చాక ఆమె వెనకనుంచి పిలిచి మజ్జిగ ఇచ్చింది. "ఇప్పుడు మంచిగనే కనవడుతున్నది అన్నా" అన్నది. ఆ ఒక్కమాటకు ఆయన రెండు వీధులు దగ్గకుండా నడిచారు.

కోదాడలో ఆయనను ఆదుకున్నవాడు షావుకారు కాదు, బామ్మర్ది కాదు, బడి పంతులు ఒకాయన. తరగతిలో, "ఎవరింట్లో కట్టె విమానం ఉందిరా?" అని అడిగితే చేతులు లేచాయి. ఆ చేతుల వెంట ఇండ్లు దొరికాయి. ముప్పై తొమ్మిది ఇండ్లూ పూర్తి చేశారు. సూర్యాపేటవి, మిర్యాలగూడవి కలుపుకుంటే ఎనభై అయిదు. మిగిలినవి షావుకారు దుకాణంలో అమ్ముడుపోని పదకొండు సంచులు. ఎన్నోసార్లు కబురు పెట్టగా చివరికి అతను, "సరే, తెచ్చి మార్చుకుపొమ్మను, సంచుల కుట్లు మాత్రం చెడగొట్టొద్దను" అన్నాడట.

ఆ పదకొండు జతలు భుజాన వేసుకుని ఆచారి గారు ఒంటరిగా బయలుదేరారు. ఆ రోజు మండీలో బండ్లు ఎక్కువగా రావడంతో నేను వెళ్లలేదు. మస్కిటో కోసం మోతెలో ఎవరి దగ్గరో పొణికి దుంగ ఉందంటే మొదట అటు వెళ్లి, అక్కడి నుంచి పొలాల అడ్డదారిన కోదాడ బాట పట్టారు. ఆ రోజులు ఎటువంటివో అందరికీ తెలుసు. పొలాల్లో నడిచే ప్రతి మనిషీ దళంవాళ్లకు అన్నం మోస్తున్నాడనో, చీటీ మోస్తున్నాడనో అనుమానమే. దారిలో ఒక మిలిటరీ క్యాంపువాళ్లు ఆపారు. తర్వాత జరిగింది ఆయన నోట విన్నదే రాస్తున్నాను; కలిపింది లేదు, తీసింది లేదు.

"ఏందివి?" అని అడిగారట. రెక్కలన్నారు. "దేని రెక్కలు?" యుద్ధ విమానానివన్నారు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. "మరి విమానమేది?" కోదాడలో ఉందన్నారు. "ఎన్ని ఉన్నయి?" పదకొండు అన్నారు.

"పదకొండు యుద్ధ ఇమానాలు కోదాడల దాచిపెట్టిన్నని నా నోటితోని నేనే చెప్తి గుమాస్తా!" అని నవ్వబోయి దగ్గారు.

సాయంత్రం దాకా ఎండలో కూర్చోబెట్టారు. ఎవరో పెద్దవాడు వచ్చి సంచి బోర్లించి చూసి, ఇవి బొమ్మలని తేల్చి వదిలేయమన్నాడు. ఆలోగా చాయ్ కాచేవాడికి పొయ్యిలోకి పుల్లలు కావలసి వచ్చాయి. "ఎండిన కట్టె, మంచిగ మండుతది" అన్నాడట. ఆచారి గారి కండ్ల ముందే ఒక్కొక్క జత పొయ్యిలోకి వెళ్లింది. ఆయన అడ్డం పడలేదా అని అడిగాను.

"ఎట్ల పడుత? మల్ల కాగింది సూడు గుమాస్తా చాయ్, గిన్నెడు. నాకు గూడ ఒక లోటల ఇచ్చిండ్రు. తాగిన."

"ఎందుకు తాగినవ్?"

"నా రెక్కలతోని కాగింది గద."

తిరిగి వచ్చిన నాడే జ్వరం పట్టింది. దవాఖానకు తీసుకుపోయాం, ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. మంచం మీది నుంచే కర్ర తెమ్మనేవారు. పొణికి కర్ర ఇంట్లో ముక్క మిగలలేదు. మస్కిటో సగం ఒళ్లు ఒకటే ఉంది. దానిని చీలిస్తే నాలుగయిదు జతలు వస్తాయని ఒకసారి అన్నారు. నరసమ్మ గారు దానిని కొంగులో దాచుకుని ఇవ్వలేదు. "అదొక్కటన్న ఉండనియ్యి. ఎవరికి బాకీ పడ్డవయ్యా నువ్వు? నీవి కాల్చినోళ్లకు లేని బాధ నీకెందుకు?" అని ఏడ్చింది.

నేను కూడా అదే లెక్క చెప్పాను. తొంభై ఆరు చెక్కావు, నీ వైపు లెక్క చెల్లిపోయింది, ఆ పదకొండు కాల్చినవాళ్ల ఖాతాలో రాయాలి అన్నాను. లెక్కల్లో ఆయన నా మాట కాదనడం అదే మొదటిసారి.

"కాల్చింది వాళ్లు. ముందుగాల పొట్టిగ చేసింది నేను. ఎవని చేతికన్న చేరేదాక బాకీ నాదే. నీ లెక్క మండీల పనికొస్తది."

ఆ మాట అన్న రెండు రోజులకు పోయారు.

కొడుకులు లేని వడ్రంగి కొలకర్ర ఆయనతోనే పోవాలని వాళ్ల ఇంటి ఆచారం. గోతిలో ఆయన పక్కన పెట్టారు. అక్క కబురు అందడంతో వీరాచారి వచ్చాడు. దగ్గరికి రాలేదు, మట్టి పూడ్చేదాకా దూరంగా నిలబడి, తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"ఇంకెన్ని ఉన్నయి?"

"పదకొండు జతలు."

"కొలత ఇయ్యి, నేను చెక్కుత."

"ఎవరి కోల మీద ఇయ్యమంటవ్ వీరాచారీ?"

అతను గోతి వైపు చూశాడు. నా దగ్గర ఇనుప స్కేలు మీది లెక్క ఉంది, ఆరంగుళాల అయిదు ఆరవ వంతులు, అని చెప్పాను. అతను వినలేదేమో. తల దించుకుని బస్సు దారి పట్టాడు. నరసమ్మ గారిని పలకరించకుండానే పోయాడు.

నిన్న పదిమంది కూడి సంతాపం తెలిపారు. కోదాడ షావుకారు కూడా వచ్చి పూలదండ వేసి మాట్లాడాడు. విశ్వకర్మ వంశ శిరోమణి అన్నాడు. అటువంటి హస్తనైపుణ్యం మళ్లీ పుట్టదన్నాడు. నవ్వినవారే కండ్లు తుడుచుకున్నారు. హరికేన్‌కు ఎర్రరంగు పూసిన ఉద్యోగి అధ్యక్షత వహించాడు. ఈయన చేతి విమానాలు ఇక దొరకవని, తన దుకాణంలో చివరివి కొన్ని మాత్రమే మిగిలాయని షావుకారు అందరికీ వినబడేట్టు చెప్పాడు. ధర అప్పటికే పెంచాడని బయట తెలిసింది.

నేను లేచి, అవి పొట్టి రెక్కలవని, అమ్మవద్దని ఆయన చెప్పి పోయారని అన్నాను. "ఇప్పుడా సంగతి ఎందుకండీ, పోయినాయన గొప్పతనం చెప్పండి" అన్నారు అధ్యక్షులు. చెప్పాను గదా, అదే ఆయన గొప్పతనమని నా మనసులో అనుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

భిక్షమాచారి గారూ, మీకు నా దగ్గర పూలదండ లేదు, శ్లోకం లేదు. లెక్క ఒకటే ఉంది. చేసినవి తొంభై ఆరు. సరిచేసినవి ఎనభై అయిదు. కోదాడలో ఒక్కొక్క సంచి అమ్ముడుపోతున్నకొద్దీ బాకీ ఎవరికి చెల్లించాలో తెలియకుండా పోతున్నది. మీ కర్ర మట్టిలో ఉంది, మీ బామ్మర్ది కర్ర పొట్టిది, నాకు ఉలి పట్టడం రాదు. అయినా మీరు నా మాట కాదన్నట్టే రాస్తున్నాను, మీ ఖాతాలోనే రాస్తున్నాను. నేటికి ఇవ్వవలసినది: పదకొండు జతల రెక్కలు.